ఆరు గడియారాలు, రెండు తెరలు

కోతలు అయిపోయి, సంఘములో కోత పండుగ జరిగిన వారమది. మా సంఘస్థుడైన ఒక రైతు సాయంకాలం మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చొని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇంట్లో ఎవరికైనా సుస్తీ చేసిందేమో, ప్రార్థనకు పిలవడానికి వచ్చాడేమో అనుకొన్నాము. చివరికి కండువాతో ముఖం తుడుచుకొని అసలు సంగతి చెప్పాడు.

"అయ్యగారండీ, మా చిన్నోడు విమానం నడపడం నేర్చుకుంటానంటున్నాడండి. ఎకరంన్నర అమ్మేద్దామని ఇంట్లో అనుకున్నాం. మిగతాది బ్యాంకు లోను. అది కాదండి సంగతి. వాడికి రెండు చోట్ల సీటు వచ్చింది. ఒక చోట పాతకాలపు విమానాలంట, లోపల ముళ్ళ గడియారాలుంటాయంట. రెండో చోట కొత్తవంట, టీవీల్లాంటి తెరలుంటాయంట. కొత్తదానికి ఎనిమిది లక్షలు ఎక్కువ. వాడు కొత్తదే కావాలంటాడు. వాళ్ళమ్మేమో ఏదైతే పడిపోకుండా ఉంటుందో దాంట్లోనే చేర్చమంటది. నాకేం తెలుసండి? మీరు చెప్పండి."

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. బైబిలు కళాశాలలో చదివిన మూడేళ్ళలో ఆకాశమండలమును గూర్చి చాలా విన్నాముగాని, అందులో ఎగిరే యంత్రమును గూర్చి ఎవరూ ఏమీ చెప్పలేదు. మేము విమానం ఎక్కింది ఒక్కసారే. పైలట్ గదివైపు తొంగిచూసేలోగా తలుపు మూసేశారు. అందుచేత, "ఒక నెల గడువియ్యండి అన్నయ్యా, తెలిసినవారిని అడిగి చెబుతాము" అన్నాము. ఆ నెలలో మేము తెలిసికొన్న సంగతులు ఈ పత్రిక చదివే ఇతర కుటుంబాలకు కూడ పనికివస్తాయని వ్రాస్తున్నాము. ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్సు చదివిన పల్లె పిల్లలు పైలట్ అవుతామని అడగడం, తలిదండ్రులు పొలం వైపు చూడడం ఇప్పుడు ఒక్క మా ఊరి సంగతి కాదు.

ముందుగా ఆ అబ్బాయినే పిలిచాము. సండేస్కూలు నల్లబల్ల అరుగు మీద పెట్టించి సుద్దముక్క చేతికిచ్చాము. అతడు పైన మూడు, కింద మూడు, మొత్తం ఆరు సున్నాలు చుట్టాడు. ప్రపంచంలో చాలామంది పైలట్లు అక్షరాలు దిద్దుకొన్నది ఈ ఆరింటి మీదనేనట. శిక్షణలో ఎంతో పేరున్న సెస్నా 172 అనే నాలుగు సీట్ల చిన్న విమానం 1956 నుండి 44,000కు పైగా తయారైంది. వాటిలో అత్యధిక భాగం ముళ్ళ గడియారాలతోనే ఎగిరాయి.

పై వరుసలో ఎడమ చివరిది వేగం చెబుతుంది. రెక్క కింద ముందుకు పొడుచుకొని ఉండే ఒక చిన్న గొట్టంలోకి ఎదురుగాలి కొడుతుంది. ఆ ఒత్తిడిని బట్టి ముల్లు కదులుతుంది. దాన్ని పిటో గొట్టం అంటారు. దాని సంగతి తరువాత మళ్ళీ వస్తుంది, పాఠకులు గుర్తుంచుకోవాలి. కుడి చివరిది ఎత్తు చెబుతుంది. పైకి పోయినకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది గనుక, లోపల మూసి ఉన్న పలుచని రేకు డబ్బా ఉబ్బి ముళ్ళను తిప్పుతుంది. కింది వరుసలో మలుపు చెప్పేది ఒకటి, దిక్కు చెప్పేది ఒకటి, నిమిషానికి ఎన్ని అడుగులు ఎక్కుతున్నామో దిగుతున్నామో చెప్పేది ఒకటి.

అన్నిటికంటె ముఖ్యమైనది పై వరుసలో నడుమ ఉంటుంది. దాని పై సగం నీలం, కింది సగం గోధుమరంగు. నీలం ఆకాశం, గోధుమ నేల. రెండూ కలిసే గీత మీద చిన్న విమానం బొమ్మ ఉంటుంది. పైలట్లు దీన్ని హొరైజన్ అంటారు. దాని లోపల ఒక బొంగరం గిర్రున తిరుగుతూ ఉంటుంది. జోరుగా తిరిగే బొంగరాన్ని వేలితో కదిపినా అది తన నిలువు విడిచిపెట్టదని మన పిల్లలందరికీ తెలుసు. విమానం ఎటు వాలినా లోపలి బొంగరం నిటారుగానే ఉంటుంది. ఆ తేడాయే అద్దంలో కనబడుతుంది. చాలా పాత విమానాల్లో ఈ బొంగరాన్ని తిప్పేది ఇంజనుకు తగిలించిన గాలి పంపు.

"ఇవన్నీ దేనికి బాబూ, కిటికీలోనుండి చూస్తే నేల కనబడదా?" అని మా పాస్టరమ్మగారు అడిగారు. మేము సిగ్గుపడి అడగలేకపోయిన ప్రశ్న అది.

"మబ్బులోకి పోతే ఏమీ కనబడదండమ్మా. రాత్రిపూట సముద్రం మీదైతే నింగీ నేలా ఒకటే నలుపు" అన్నాడు ఆ అబ్బాయి. "అప్పుడు మన ఒళ్ళు మనకు అబద్ధం చెబుతుందండి."

ఈ మాట మమ్మును ఆలోచింపజేసింది. తీర్థంలో రంగులరాట్నం ఎక్కిన పిల్లవాడు కళ్ళు మూసికొని తిరిగి తిరిగి, అది ఆగాక దిగి నిలబడితే లోకమంతా వెనక్కి తిరుగుతున్నట్లు తూలుతాడు. మన చెవి లోపల ద్రవంతో నిండిన మూడు సన్నని అర్ధచంద్రాకారపు గొట్టాలున్నాయి. తల తిరిగితే ఆ ద్రవం వెనుకబడి, తిరుగుతున్నామని మెదడుకు చెబుతుంది. కాని తిరగడం ఒకే తీరున కొంతసేపు సాగితే ద్రవం కూడ గొట్టంతో కలిసి తిరగడం మొదలుపెడుతుంది. అప్పుడు మలుపు సంగతే తెలియదు, నిటారుగా పోతున్నామనే అనిపిస్తుంది. విమానాన్ని సరిచేసేసరికి ఎదురువైపు ఒరిగినట్లు అనిపిస్తుంది. పైలట్ తన ఒంటిని నమ్మి మళ్ళీ తప్పు వైపు తిప్పుతాడు.

1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 20 మంది విద్యార్థి పైలట్లతో ఒక పరీక్ష చేశారు. శిక్షకుణ్ణి పక్కన ఉంచి, బయటి చూపు లేకుండా చేసి, గడియారాల శిక్షణ లేని వారిని నడపమన్నారు. ఇరవై మందీ విమానాన్ని అదుపు తప్పించారు. అందరికంటె త్వరగా తప్పినవాడికి 20 సెకన్లు పట్టింది, అందరికంటె ఎక్కువ నిలిచినవాడికి 480 సెకన్లు. సగటున 178 సెకన్లు. అంటే మూడు నిమిషాలు కూడ కాదు. మన ఆరాధనలో ఒక కీర్తన పాడడానికి అంతకంటె ఎక్కువ సేపు పడుతుంది.

గడియారాలను నమ్మి ఎగరవచ్చునని మొదట రుజువు చేసినవాడు అమెరికా సైన్యపు పైలట్ జేమ్స్ డూలిటిల్. 1929 సెప్టెంబరు 24న న్యూయార్కు దగ్గర మిచెల్ ఫీల్డులో, తన కూర్చునే చోటు మీద బట్ట కప్పించుకొని, బయట ఏమీ చూడకుండా విమానాన్ని లేపి, చుట్టు తిప్పి, తిరిగి నేల మీద దించాడు. బొంగరపు హొరైజన్, బొంగరపు దిక్సూచి, సూక్ష్మంగా ఎత్తు చెప్పే గడియారం అతనికి కళ్ళయ్యాయి.

అబ్బాయి చెప్పినది ఇంతవరకు. అటు తరువాత మేము పక్క పాస్టరేటులోని ఒక పెద్దాయన దగ్గరకు వెళ్ళాము. ఆయన వాయుసేనలో ఇన్‌స్ట్రుమెంట్ ఫిట్టరుగా చాలా ఏళ్ళు పనిచేసి విశ్రాంతి తీసికొన్న సంఘపెద్ద. ఆ గడియారాలను విప్పి, తుడిచి, బిగించిన చేతులు ఆయనవి. ఏది మంచిదని అడిగాము. ఆయన నవ్వి, "గడియారం కూడ అబద్ధమాడుతుంది అయ్యగారూ, అది ఎవరైనా చెప్పారా మీకు?" అని, 1978 జనవరి 1 సంగతి చెప్పాడు.

ఆ రాత్రి ఎయిర్ ఇండియా వారి 'ఎంపరర్ అశోక' అనే బోయింగ్ 747 బొంబాయిలో లేచి దుబాయికి బయలుదేరింది. తీరం దాటగానే కింద చీకటి సముద్రం, పైన చీకటి ఆకాశం. విమానం కుడికి కొద్దిగా తిరిగి మళ్ళీ నిటారుగా అయింది. కెప్టెన్ ఎదుట ఉన్న హొరైజన్ మాత్రం ఇంకా కుడికే వాలి ఉన్నట్లు చూపింది. ఆయన దాన్ని నమ్మి ఎడమకు తిప్పాడు. ఎంత తిప్పినా ఆ ముఖం సరికాలేదు, మరింత తిప్పాడు. ఫ్లయిట్ ఇంజనీరు అడ్డు చెప్పబోయాడు, అప్పటికే సమయం మించిపోయింది. బాంద్రా తీరానికి కొద్ది దూరంలో విమానం సముద్రంలో కూలి 213 మంది చనిపోయారు, ఒక్కరూ మిగలలేదు. అదే గదిలో ఇతర హొరైజన్లు ఉన్నాయి. చెడినదాన్ని వాటితో సరిచూడకపోవడమే కారణమని విచారణలో తేలింది.

పెద్దాయన ఇది చెప్పి కాసేపు ఊరుకొన్నాడు. మాకు మోషే ధర్మశాస్త్రములోని సాక్షుల నియమము జ్ఞాపకం వచ్చింది. ఒక్క సాక్షి మాట మీద ఎవరినీ దోషిగా నిర్ణయించకూడదు, ఇద్దరు ముగ్గురుండాలి. ఆ మాటే ఆయనతో అన్నాము. "అంతే అయ్యగారూ. హొరైజన్ వాలిందంటే, మలుపు గడియారమూ తిరగాలి, దిక్కు గడియారమూ కదలాలి. ఆ రెండూ కదలకపోతే హొరైజనే అబద్ధికుడు. ఆరు గడియారాలెందుకనుకున్నారు? ఒకదాని మీద ఒకటి సాక్ష్యం చెప్పడానికే" అన్నాడు.

ఇక తెరల సంగతి. చిన్న విమానాల్లో ఇవి రావడం 2000 సంవత్సరం దాటిన తరువాతి మాట. 2002లో చాలా అరుదు. 2006 నాటికి అమెరికాలో కొత్తగా తయారయ్యే చిన్న విమానాల్లో నూటికి 90కి పైగా తెరలతోనే వచ్చాయి. గార్మిన్ అనే సంస్థ చేసిన జీ1000 అనేది వీటిలో బాగా వ్యాపించింది. పైలట్ ఎదుట ఒక తెర, పక్కన ఇంకొక తెర. ఎదుటి తెర నిండా నీలం ఆకాశం, గోధుమ నేల పరుచుకొని ఉంటాయి. ఎడమ పక్కన వేగం, కుడి పక్కన ఎత్తు అంకెల పట్టీలుగా పైకీ కిందికీ జరుగుతుంటాయి. కింద దిక్కు. ఆరు గడియారాల పని ఆ ఒక్క తెరే చేస్తుంది. పక్క తెరలో దేశపటం, ఇంజను సంగతులు, ఎదుట కొండ ఉంటే ఎర్రరంగులో హెచ్చరిక. లోపల తిరిగే బొంగరం లేదు, పంపు లేదు. కదలిక లేని చిన్న ఎలక్ట్రానిక్ ముక్కలే వంపును లెక్కగడతాయి. మన దేశంలో ఫుర్సత్‌గంజ్‌లోని ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీలో వాడే డైమండ్ డీఏ-40 విమానాలు ఇటువంటివే.

తెరలను చిన్నచూపు చూడకూడదు. మిషనరీ విమానసేవ మన పాఠకులకు తెలిసినదే. 1946లో మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్ పక్షాన సహోదరి బెట్టీ గ్రీన్ బైబిలు అనువాదకులను మెక్సికోకు తీసికొనిపోయినప్పుడు ఆమె దగ్గర ఉన్నవి ముళ్ళ గడియారాలు, కాగితం పటము, తన కళ్ళు. అడవుల్లో, కొండల నడుమ, చిన్న మట్టి బాట మీద దిగేవారి అవసరాలను దృష్టిలో ఉంచుకొని కోడియాక్ అనే విమానాన్ని తయారుచేశారు. 2007లో దానికి ప్రభుత్వ ఆమోదం దొరికింది. అందులో ఉన్నవి జీ1000 తెరలే. మబ్బు కమ్మిన లోయలో కొండ ఎటువైపు ఉన్నదో చూపే పటము ఎదుట ఉండడం ఎంత మేలో చెప్పనక్కరలేదు. పెద్ద విమానాల్లోనూ ఇప్పుడు తెరలే. మన ఊళ్ళ మీదుగా పోయే ఎయిర్‌బస్ ఏ320 పైలట్ ఎదుట ఉన్నవీ అవే. "నేను రేపు ఉద్యోగంలో నడిపేది తెరలే కదండీ, ఇక గడియారాల మీద నేర్చుకొని ఏం లాభం?" అని అబ్బాయి వాదించాడు. ఆ వాదనలో బలం లేకపోలేదు.

కాని నేర్చుకొనేవాడి కన్ను ఏమి నేర్చుకొంటుందన్నది వేరే ప్రశ్న. మా మందిరంలో వెనుక గోడకు పెద్ద ముళ్ళ గడియారం ఉంది. ప్రసంగం మధ్యలో మేము దానివైపు చూసినప్పుడు పదకొండు నలభై రెండని అంకె చదవము. పెద్దముల్లు ఎక్కడ వాలి ఉన్నదో చూస్తాము, ఇంకెంత మిగిలిందో తెలిసిపోతుంది. సంఘపెద్దలు కూడ మాకంటె ఎక్కువసార్లే అటు చూస్తారు. అంకెల గడియారమైతే చదవాలి, తీసివేత చేయాలి, అప్పుడు తెలుస్తుంది. విమానంలోనూ అంతేనట. ముల్లు ఉండవలసిన చోట ఉన్నదా, ఎంత వేగంగా జరుగుతున్నదన్నది తల తిప్పకుండానే కంటి చివర తగులుతుంది. తెర మీది పట్టీలో కదిలే అంకెలను చదవాలి. ఆ లోటు తీర్చడానికే తెరల తయారీదారులు, వేగం ఇలాగే మారితే ఆరు సెకన్ల తరువాత ఎంత ఉంటుందో చూపే చిన్న రంగు గీతను పట్టీ పక్కన పెట్టారు. అలవాటైనవారికి అదీ చక్కగానే పనిచేస్తుంది.

గడియారాల మీద నేర్చుకొనేవాడి చూపు ఒక చోట నిలవకూడదు. నడుమ హొరైజన్ చూసి ఎత్తుకు, మళ్ళీ హొరైజన్‌కు, అక్కడనుండి దిక్కుకు, మళ్ళీ హొరైజన్‌కు, తరువాత వేగానికి పోతూ ఉండాలి. పొయ్యి మీద పాలు, పక్కన అన్నం, గడపలో పాకే బిడ్డ, వాకిట ఎండబెట్టిన వడ్ల మీదికి వచ్చే కోళ్ళు, అన్నిటినీ ఒకేసారి కనిపెట్టే తల్లి చూపు అది. పైగా దిక్కు చెప్పే బొంగరం మెల్లమెల్లగా తప్పుతూ ఉంటుంది గనుక, సుమారు పావుగంటకొకసారి అయస్కాంతపు దిక్సూచితో పోల్చి పైలట్ చేత్తో సరిచేయాలి. అంటే ఈ గడియారం తప్పుతుంది సుమా అని పావుగంటకొకసారి ఆ పనే జ్ఞాపకం చేస్తుంది. తెరలో ఆ పని దానంతట అదే జరిగిపోతుంది. అనుమానించే అలవాటు మాత్రం పైలట్‌కు దానంతట అది రాదు.

మేము పెద్దాయనను ఇదే అడిగాము. ఆయన న్యాయంగా రెండు పక్షాలూ చెప్పాడు. "తెర వెనుక పరికరం చెడితే, అక్కడ పెద్ద ఎర్ర అడ్డగుర్తు పడుతుంది. నన్ను నమ్మవద్దని అదే చెబుతుంది. అది గొప్ప మేలు. పాత గడియారంలో గాలి పంపు చెడితే బొంగరం ఒక్కసారిగా ఆగదు. మెల్లగా వేగం తగ్గి, మెల్లగా వాలిపోతుంది. ఎర్రగుర్తూ లేదు, గంటా లేదు. పైలట్ దాన్ని చూస్తూ దానితోపాటే వాలిపోతాడు. అలా ఎందరో పోయారు. అందుకే మేము పాతవాటి మీద నేర్చినవాళ్ళం దేన్నీ ఒంటరిగా నమ్మం. తెరకు ఎర్రగుర్తు ఉంది. కాని తెరకే తెలియని తప్పు ఉంటే?" అన్నాడు.

అటువంటి తప్పు ఎక్కడనుండి వస్తుందంటే, పాఠకులు జ్ఞాపకం ఉంచుకొన్న ఆ పిటో గొట్టంలోనుండి వస్తుంది. తెర ఎంత కొత్తదైనా దానికి వేగం చెప్పేది ఆ గొట్టమే. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్ దేశంలో ఒక బోయింగ్ 757 లేచిన కొద్ది నిమిషాలకే సముద్రంలో పడి 189 మంది చనిపోయారు. కెప్టెన్ ఎదుట వేగం లేనిదంతా ఉన్నట్లు చూపింది, నిజానికి విమానం వేగం చాలక పడిపోతున్నది. చాలా రోజులు మూత పెట్టకుండా నిలిపి ఉంచినందున పిటో గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టి ఉంటుందని విచారణాధికారులు భావించారు. మన తలుపు తాళాల రంధ్రాల్లో, కరెంటు ప్లగ్గుల్లో మట్టి కూరే కందిరీగ వంటిదే అది. 2009 జూన్ 1న రియో నుండి పారిస్‌కు పోతున్న ఎయిర్ ఫ్రాన్స్ వారి ఏ330లో మంచు పలుకులు ఆ గొట్టాలను కొద్దిసేపు మూసివేశాయి. ఎదుట తెరలన్నీ వెలుగుతున్నాయి. ఆటోపైలట్ వదిలేయగానే అయోమయంలో ముక్కు పైకెత్తి పట్టుకొన్నారు, విమానం పట్టు తప్పి అట్లాంటిక్‌లో పడింది. 228 మంది పోయారు. గొట్టం తెరచుకొన్న తరువాత కూడ వారు తేరుకోలేకపోవడం మమ్మును అన్నిటికంటె ఎక్కువ బాధపెట్టింది.

ఆ తల్లి అడిగిన ప్రశ్నకు, ఏది పడిపోకుండా ఉంటుందన్నదానికి, లెక్కలేమైనా ఉన్నాయా అని వెదికాము. అమెరికాలో ప్రమాదాలను విచారించే ప్రభుత్వ సంస్థ, జాతీయ రవాణా భద్రతా బోర్డు, 2010లో ఒక అధ్యయనం వెలువరించింది. 2002 నుండి 2006 వరకు తయారైన ఎనిమిది వేలకు పైగా చిన్న విమానాలను తీసికొని, తెరలవాటినీ గడియారాలవాటినీ పోల్చి చూశారు. మొత్తం ప్రమాదాల రేటు తెరల విమానాల్లో తక్కువగానే ఉంది. ప్రాణం పోయిన ప్రమాదాల రేటు మాత్రం వాటిలోనే ఎక్కువగా ఉంది. దీన్నిబట్టి తెర చంపిందని తొందరపడి అనకూడదు. గడియారాల విమానాలు ఎక్కువగా శిక్షణలో, దగ్గర దూరాలకు తిరిగాయి. తెరలవి దూర ప్రయాణాలకు, మబ్బుల్లోకి ఎక్కువగా పోయాయి. అయినా ఆ బోర్డు చెప్పిన మాట ఒకటి తండ్రులు వినదగినది. తెర ఉన్నంతమాత్రాన భద్రత రాలేదనీ, ఆ పరికరం ఎలా చెడుతుందో, చెడినప్పుడు ఏమి చేయాలో ప్రత్యేకంగా నేర్పాలనీ వారు కోరారు.

ఆ వారాల్లోనే మేము ఆదివారపు వాక్యానికి అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము సిద్ధపడుతున్నాము. ఎన్నోసార్లు చదివిన భాగమే. ఈసారి మాకు పౌలుగారికంటె ఆ ఓడవారు కనబడ్డారు. చాలా దినములు సూర్యుడూ నక్షత్రములూ కనబడలేదు. అర్ధరాత్రి ఏదో నేల దగ్గరపడుతున్నదని వారికి తోచింది. తోచినదాన్ని నమ్మి ఊరుకోలేదు. తాడుకు బరువు కట్టి లోతు చూశారు, ఇరవై బారలు. కొంత దూరం పోయి మళ్ళీ చూశారు, పదిహేను. రెండోసారి చూసినందుననే నేల దగ్గరపడుతున్నదని తేలి, లంగరులు వేశారు. ఓడ ఎలాగూ పోయిందిగాని, అందులోని 276 మంది ఒడ్డుకు చేరారు. ప్రసంగంలో ఆ రెండో కొలత గూర్చి చెప్పినప్పుడు మా రైతు సహోదరుడు మొదటి వరుసలో కూర్చొని మమ్మునే చూస్తున్నాడు.

నెల తిరిగింది. తండ్రీ కొడుకులు ఇద్దరూ వచ్చారు. మేము మా అభిప్రాయం చెప్పాము. అది పాస్టరు అభిప్రాయమే, పైలట్‌ది కాదని ముందే చెప్పాము. తెరల మీదనే నేర్చుకొని మంచి పైలట్లయినవారు ఎందరో ఉన్నారు. అయినా గడియారాల మీద కన్ను తిరిగినవాడు తెరకు మారడం సులువనీ, తెర మీద మొదలుపెట్టినవాణ్ణి పాత విమానంలో కూర్చోబెడితే కన్ను ఎక్కడ పెట్టాలో తెలియక తడబడతాడనీ పెద్దాయన అన్నాడు, ఇంకా ఒకరిద్దరు తెలిసినవారూ అన్నారు. మన దేశంలో కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. మొదటి గంటలు గడియారాల మీద గడపనివ్వండి, మిగిలే ఎనిమిది లక్షల్లో కొంత, చివరి గంటలు తెరల విమానం మీద ఎగరడానికి దాచండి అన్నాము.

అంతకంటె ముఖ్యంగా, ఆ సంస్థకు వెళ్ళినప్పుడు బోర్డు మీద ఏముందో చూసి రావద్దన్నాము. ఎన్ని విమానాలున్నాయి, వాటిలో ఈ రోజు ఎగరగలిగినవి ఎన్ని, మిగిలినవి షెడ్డులో ఎన్నాళ్ళుగా ఉన్నాయి, నేర్పేవారు ఎందరు, నిరుడు చేరిన పిల్లలకు ఇప్పటికి ఎన్ని గంటలు పూర్తయ్యాయి అని అడగమన్నాము. అక్కడి పిల్లలనే విడిగా పిలిచి, పరికరం చెడినట్లు చేసి ఎన్నిసార్లు నేర్పించారో కనుక్కోమన్నాము. డబ్బు ముందుగా కట్టించుకొని, విమానం లేక పిల్లలను నెలల తరబడి కూర్చోబెట్టిన చోటు ఒకటి మా ఎరుకలోనే ఉంది. ఆ తండ్రి ఇంకా వాయిదాలు కడుతూనే ఉన్నాడు. అటువంటి చోట తెర ఉంటే ఎంత, ముల్లు ఉంటే ఎంత?

అబ్బాయికి మా మాట రుచించలేదు. రెండు ఆదివారాలు గుడిలో మాకు వందనం చెప్పకుండా పక్క తలుపు గుండా వెళ్ళిపోయాడు. తండ్రి రెండు సంస్థలకూ స్వయంగా వెళ్ళి, మేము చెప్పిన ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద వ్రాయించుకొనిపోయి అడిగి వచ్చాడు. పాత గడియారాల చోటే చేర్పించాడు. అక్కడ ఒక తెరల విమానం కూడ ఉందట, చివరి గంటలకు ఇస్తామన్నారట.

కొన్ని నెలల తరువాత ఒక శనివారం రాత్రి వారింట్లో కుటుంబ ప్రార్థనకు వెళ్ళాము. ముగించేసరికి ఫోను మ్రోగింది. అందరూ వినేలా తండ్రి దాన్ని నులకమంచం మీద పెట్టాడు. అబ్బాయి గొంతు గబగబా వస్తున్నది. ఆ రోజు శిక్షకుడు ఏమీ చెప్పకుండా, ఎగురుతుండగా గుండ్రటి రబ్బరు మూత ఒకటి తీసి హొరైజన్ మీద అంటించేశాడట. ఇంకాసేపటికి దిక్కు గడియారం మీద ఇంకొకటి. ఇక మిగిలినవాటితో నడపమన్నాడట. మలుపు గడియారం చూస్తూ, ఎత్తు చూస్తూ, వేగం చూస్తూ, దిక్సూచి ఊగడం ఆగేదాకా కాచుకొంటూ ఇరవై నిమిషాలు నడిపాడట. చొక్కా తడిసి ముద్దయిందట.

"మలుపు గడియారాన్ని అంతసేపు చూడడం ఇదే మొదటిసారండి అయ్యగారూ" అన్నాడు. మేమక్కడ ఉన్నామని వాళ్ళమ్మ చెప్పినట్లుంది.

ఆ తల్లి మాత్రం అప్పటినుండి ఒక్క సంగతే పట్టుకొని ఉంది. ఫోను దగ్గరికి వంగి, "మరి ఆ మూతలు తీశారా నాయనా?" అని అడిగింది.

"దిగాక తీశారమ్మా" అన్నాడు.